చీమ దగ్గఱ ఆగిన ప్రశ్న

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరు విద్యను గూర్చి మాటలాడవలెనని కార్యదర్శిగారు నన్ను కోరిరి. అది సముద్రము వంటి విషయము. అందుచేత అందులోనుండి ఒక్క పాఠమును మాత్రమే గైకొనుచున్నాను. దాని పేరు రికర్షన్. పేరు విని మీరు భయపడవలదు. ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొను పిల్లలకు తొలి దినములలోనే ఈ పాఠము ఎదురగును. అంతవఱకు చక్కగా నడచి వచ్చిన పిల్లలు పెక్కుమంది ఇచటనే కాలు జారుదురు. జారిన బిడ్డను చూచి, 'ఇది మన యిండ్లకు అచ్చివచ్చు విద్య కాదు' అని పెద్దలు నిశ్చయించుకొనుటయు నేను చూచితిని. ఆ నిశ్చయము సరికాదని మీకు మనవి చేయుటయే నా ఉద్దేశము.

2020 నాటి జాతీయ విద్యా విధానము మాధ్యమిక దశనుండియే పిల్లలకు ప్రోగ్రాముల వ్రాతను పరిచయము చేయవలెనని చెప్పుచున్నది. కావున ఈ పాఠము నేడు కాకున్న రేపు మీ గడపకు రాక తప్పదు. వచ్చినప్పుడు మీరు చేయగల సహాయము కలదు. అందులకు ఇంగ్లీషు అక్కఱలేదు. కంప్యూటరు సైతము అక్కఱలేదు.

మొదట రెండు మాటలకు అర్థము చెప్పుకొందము. కంప్యూటరునకు మనమిచ్చు ఆజ్ఞల వరుసను ప్రోగ్రాము అందురు. అందులో ఒక పనికై పేరు పెట్టి కట్టియుంచిన ఆజ్ఞల మూటను ఫంక్షన్ అందురు. మన యిండ్లలో పందిరి వేసి జరుపుకొను ఫంక్షన్ కాదు సుమా! ఒక ఫంక్షన్ మఱియొక ఫంక్షన్‌ను పిలిచి పని చేయించుకొనుట సహజమే. కొన్ని తావులందు ఫంక్షన్ తన్ను తానే పిలుచుకొనును. అనగా, తనకు వచ్చిన ప్రశ్న పెద్దదైనప్పుడు, అటువంటిదే యైన చిన్న ప్రశ్నను తనవంటి మఱియొకనికి ఇచ్చి, వాడు తెచ్చిన జవాబుతో తన జవాబును పూర్తి చేసికొనును. ఇదియే రికర్షన్.

ఇక నా తప్పును చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట, ఫోరస్ రోడ్డు ప్రక్క గల్లీలోని ఒక చాల్‌లో నివసించు బాలిక నా యొద్ద ప్రోగ్రాములు నేర్చుకొన వచ్చుచుండెను. పదవ తరగతి వఱకు తెలుగు మాధ్యమమున చదివిన పిల్ల. నెమ్మదస్తురాలు. రికర్షన్ పాఠము చెప్పిన దినమున ఆమె లేచి నిలుచుండి, "సార్, ఫంక్షన్ తననే తాను పిలుచుకుంటే, పిలిచిన మొదటిది ఏమైపోతది?" అని అడిగెను. నాకు పాఠ్యప్రణాళిక ముగించు తొందర. "అది ఇప్పుడు అక్కఱలేదమ్మా. ఈ ఆఱు పంక్తులు కంఠస్థము చేయుము, పరీక్షలో వచ్చును" అంటిని. ఆమె అట్లే చేసినది. ప్రశ్నపత్రమున గుణకారమునకు బదులు కూడిక అడుగగా, కంఠస్థము చేసిన గుణకారమునే వ్రాసి వచ్చినది. రెండు వారముల పిదప తరగతికి వచ్చుట మానినది. ఆమె తండ్రి వచ్చి, "బిడ్డను కుట్టుపనిల పెడ్తున్న సారూ. ఈ మిషను చదువు మా ఇంట్ల అచ్చి రాదు" అని చెప్పి వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిలిచిన మొదటిది ఏమగును? రికర్షన్ పాఠమంతయు ఆ ప్రశ్నలోనే ఉన్నది. తరగతిలో నలువదిమందిలో ఆ ప్రశ్న అడిగినది ఆమె యొక్కతెయే. పాఠము ఆమెకు అర్థము కాలేదని నేననుకొంటిని. అర్థమగుచున్న తలుపు వద్ద ఆమె నిలిచి తట్టుచుండగా, తలుపు మూసినవాడను నేను.

మఱునాడు సాయంకాలము వారి యింటికి పోతిని. మూడవ అంతస్తులో ఒక్క ఖోలీ. వరండాలో నీటి డ్రమ్ముల ప్రక్కన కూర్చుండి ముసలి నాయనమ్మ చిన్న మనుమనికి రాజుగారి యేడు చేపల కథ చెప్పుచుండెను. ఆ కథ మీరందఱు ఎఱిగినదే. ఏడుగురు రాకుమారులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చి ఎండవేసిరి. ఒక చేప ఎండలేదు. ఏల ఎండలేదని అడిగిన, గడ్డిమోపు అడ్డువచ్చిన దనెను. గడ్డిమోపు నడిగిన, ఆవు మేయలేదనెను. ఆవు గొల్లవానిమీద చెప్పెను. వాడు అవ్వ అన్నము పెట్టలేదనెను. అవ్వ పిల్లవాడు ఏడ్చుచుండె ననెను. పిల్లవాడు చీమ కుట్టిన దనెను. చీమను అడుగగా, తన పుట్టలో వ్రేలు పెట్టిన కుట్టకుందునా యని అది ఎదురు ప్రశ్న వేసెను. కథ అంతటితో ముగిసినది.

నేను సంతోషము పట్టజాలక, "అమ్మా, ఇదేనమ్మా రికర్షన్!" అంటిని. ఆ బాలిక చేతిలోని దారమును ప్రక్కన బెట్టి కొంచెము సేపు ఆలోచించి, "కాదేమో సార్. ఇండ్ల అడిగేటోడు ఒక్కడే గద. రాజుగారి కొడుకే ఒకరెనుక ఒకరిని అడుక్కుంట పోయిండు" అనెను.

నేను నివ్వెఱపోయితిని. ఆమె చెప్పినదే నిజము. ఒక్కడే తిరుగుచు ఒకే ప్రశ్నను పలుమాఱు అడిగిన, దానిని ప్రోగ్రాముల భాషలో లూప్ అందురు. గానుగెద్దు గానుగ చుట్టు తిరిగినట్టి పని అది. ఎద్దు ఒక్కటే, చుట్లే అనేకము. రికర్షన్ అట్టిది కాదు. అందుచేత మేము కథను మార్చితిమి. రాకుమారుడు చేపను మాత్రమే అడుగును. అడిగి అచటనే నిలుచుండును. చేప తానే గడ్డిమోపును అడిగి, జవాబుకొఱకు వేచియుండును. గడ్డిమోపు ఆవును, ఆవు గొల్లవానిని, గొల్లవాడు అవ్వను, అవ్వ పిల్లవానిని, పిల్లవాడు చీమను అడుగుదురు. చీమ ఎవ్వరిని అడుగదు. జవాబు దాని యొద్దనే ఉన్నది. చీమను అడిగిన క్షణమున ఎందఱు వేచియున్నారో లెక్కింపుడు: రాకుమారుడు, చేప, గడ్డిమోపు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లవాడు. ఏడుగురు! పిలిచిన మొదటివాడు ఎక్కడికిని పోలేదు. జవాబు వచ్చువఱకు తన చోటనే నిలుచుండి యున్నాడు. బాలిక ప్రశ్నకు ఇది జవాబు.

ఇంతలో నాయనమ్మకు కోపము వచ్చినది. "కథను గిట్ల ఆపితే మరి చేప ఎప్పుడు ఎండాలె బిడ్డా?" అనెను. మేము నవ్వితిమి. నవ్విన పిమ్మట ఆ మాట ఎంత విలువైనదో తెలిసినది. చీమ దగ్గఱకు పోవుట సగము పని మాత్రమే. చీమ జవాబు పిల్లవానికి, పిల్లవాని జవాబు అవ్వకు, అవ్వ జవాబు గొల్లవానికి, ఇట్లు వచ్చిన త్రోవనే వెనుకకు నడచి రాకుమారునికి చేరవలెను. పిల్లవాని ఏడుపు మానినగాని అవ్వ అన్నము పెట్టదు. గొల్లవాడు తిన్నగాని ఆవు మేయదు. ఆవు మేసినగాని చేప ఎండదు. మన పిల్లలు పోవు త్రోవను సులభముగనే గ్రహింతురు. వచ్చు త్రోవను ఎవ్వరును వారికి చూపరు. పుస్తకములు చూపవు, నేనును చూపలేదు.

మఱునాడు ఆ వరండాలోనే అయిదుగురు పిల్లలను వరుసగా నిలిపితిమి. ఐదు బిందెలను నల్లా ముందు ఎన్ని విధముల వరుసగా పెట్టవచ్చును? చాల్ పిల్లలకు ఇంతకంటె తెలిసిన లెక్క లేదు. మొదటి చోట ఐదింటిలో ఏ బిందెనైనను పెట్టవచ్చును. మిగిలినవి నాలుగు బిందెలు. వాని ప్రశ్నయు ఇదే ప్రశ్న, కొంచెము చిన్నది. మొదటి పిల్ల తన చీటిపై '5 ఇంతులు ఎంత?' అని వ్రాసి, నాలుగవ సంఖ్య గల పిల్లవానిని అడిగి, చీటి చేతబట్టుకొని నిలుచున్నది. వాడు '4 ఇంతులు ఎంత?' అని వ్రాసి తరువాతివానిని అడిగెను. ఇట్లు పోయి పోయి ఒక బిందె గల పిల్లవానిని చేరిరి. వాడు ఎవ్వరిని అడుగనక్కఱలేదు. ఒక బిందెకు ఒకే వరుస. వాడే మన చీమ. వాడు '1' అనెను. అది వెనుకకు వచ్చుచు 2 అయ్యెను, 6 అయ్యెను, 24 అయ్యెను, మొదటి పిల్ల చేతిలో 120 అయ్యెను.

అందఱికంటె కడపట అడుగబడినవాడు అందఱికంటె ముందు జవాబు చెప్పెనని ఒక చిన్నవాడు కనిపెట్టెను. కంప్యూటరు లోపల జరుగునది సరిగా ఇదియే. ప్రతి పిలుపునకును అది తన జ్ఞాపకశక్తిలో ఒక చీటిని ప్రత్యేకముగా ఉంచును. కడిగిన పళ్లెములను ఒకదానిపై నొకటి పేర్చినట్లు ఆ చీటీలను పేర్చుచు పోవును. పైన పెట్టినదానినే ముందు తీయును. ఆ దొంతరకు స్టాక్ అని పేరు. చీమ లేకపోయిన ఏమగును? పిలుపులకు అంతముండదు; దొంతర పెరిగి పెరిగి, దానికి ఇచ్చిన చోటు చాలక ప్రోగ్రాము కూలిపోవును. కావున పిల్లలు రెండు నియమములు మఱువరాదు. ఎచటనో ఒక చీమ ఉండవలెను. ప్రతి ప్రశ్నయు ఆ చీమకు ఒక అడుగు దగ్గఱ కావలెను.

ఈ చిక్కు మన పిల్లలకు మాత్రమే కలదని తలంపవలదు. బ్రిటన్‌లో హాంక్ కానీ అను పరిశోధకుడు 1983లో కొత్తగా ప్రోగ్రాములు నేర్చుకొనువారిని పరీక్షించి చూచెను. వారిలో పెక్కుమంది రికర్షన్‌ను లూప్ అని భావించుచున్నారనియు, ఆరితేఱినవారు మాత్రము ప్రతి పిలుపునకు వేఱొక ప్రతి పుట్టుచున్నదని భావింతురనియు చెప్పెను. 1985లో కర్లండ్, పీ అను ఇరువురు అమెరికాలో లోగో అను పిల్లల ప్రోగ్రాము భాషను నేర్చుకొనుచున్న బాలబాలికలను పరిశీలించి, వారియందును ఇట్టి పొరపాటునే కనుగొనిరి. వారందఱు ఇంగ్లీషు ఇంటిభాషగా గల దేశములవారు. కనుక లోపము తెలుగునందు లేదు, పేదరికమునందు లేదు, మన రక్తమునందు అంతకన్న లేదు. ఈ పాఠమే అట్టిది.

ఆ పొరపాటు ఏల అంతకాలము నిలుచును? కొన్ని ప్రోగ్రాములందు తిరుగు త్రోవలో పని ఏమియు ఉండదు. అచట గానుగెద్దు అనుకొన్నను జవాబు సరిగానే వచ్చును. తప్పు తలంపునకు సరియైన జవాబు దొరకుటకంటె ప్రమాదము మఱియొకటి లేదు. దీనిని కనిపెట్టు చిన్న పరీక్ష చెప్పుదును. మీ యింటనే చేయవచ్చును. ఐదుగురు పిల్లలను వరుసగా నిలిపి, 'ప్రక్కవానిని పిలుచుటకు ముందు నీ సంఖ్య పలుకుము' అనుడు. 5, 4, 3, 2, 1 అని వినవచ్చును. తరువాత, 'ప్రక్కవాని పని ముగిసి పిలుపు నీకు తిరిగి వచ్చిన పిదప నీ సంఖ్య పలుకుము' అనుడు. ఇప్పుడు 1, 2, 3, 4, 5 అని వినవచ్చును. ప్రోగ్రాములో మారినది ఒక పంక్తి చోటు మాత్రమే. ఈ రెండవ వరుసను ముందుగా ఊహించి చెప్పగలిగిన బిడ్డకు రికర్షన్ వచ్చినట్లే. ఊహింపలేని బిడ్డ నూటికి నూఱు మార్కులు తెచ్చుకొన్నను ఇంకను రాలేదనియే ఎఱుగుడు.

మన తెలుగు పండితులు తరగతిలో గురులఘువులు చెప్పునప్పుడు పిల్లలు ఆవులింతురు. అయ్యా, కంప్యూటరు పాఠము ఆ ఛందస్సులోనే దాగియున్నది! ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు. ప్రతి అక్షరము గురువో లఘువో కావలెను. అట్లయిన 20 అక్షరముల పాదములు మొత్తము ఎన్ని విధములు ఉండగలవు? 20 మార్లు రెట్టింపు చేసికొనుచు పోవలెను. కాని ప్రాచీనుడైన పింగళుడు తన ఛందశ్శాస్త్రమున దగ్గఱి త్రోవ చూపెను. సంఖ్య సరియైన సగము చేయవలెను. బేసియైన ఒకటి తీసివేయవలెను. సున్న వచ్చువఱకు ఇట్లు దిగవలెను. 20 నుండి 10, 5, 4, 2, 1, 0. సున్న వచ్చినది గనుక చీమ దొరకినది. ఇక 1తో మొదలిడి వెనుకకు ఎక్కవలెను. ఒకటి తీసిన చోట రెట్టింపు చేయవలెను. సగము చేసిన చోట ఆ సంఖ్యను దానితోనే గుణింపవలెను. 1 అనునది 2, 4, 16, 32, 1024 అగుచు, కడపట 10,48,576 అగును. ఆఱు మెట్లు దిగి ఆఱు మెట్లు ఎక్కుటతో లెక్క తీఱినది. అన్ని లక్షల పాదములలో మన ఉత్పలమాల ఒక్కటి! దిగుట, చీమను చేరుట, ఎక్కుట అను మూడును ఇందు స్పష్టముగా కలవు.

మాత్రల లెక్క ఇంకను ముచ్చటైనది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను ఎన్ని విధముల నింపవచ్చును? చివరిది లఘువైన దానికి ముందు 3 మాత్రలుండును. గురువైన 2 మాత్రలుండును. మూడింటికి 3 విధములు, రెండింటికి 2 విధములు, కూడిన 5. అట్లే ఐదు మాత్రలకు 8, ఆఱింటికి 13. విరహాంకుడు ఈ లెక్కను చెప్పెను. హేమచంద్రుడు 1150 ప్రాంతమున చెప్పెను. 1202లో ఇటలీ దేశపు ఫిబొనాచ్చి తన గ్రంథమున చెప్పిన సంఖ్యలును ఇవియే. అయితే ఇచట పిల్లలు మఱియొక మెలకువ నేర్తురు. పది మాత్రలకు జవాబు 89. ఎవ్వరును ఏమియు వ్రాసికొనక కేవలము అడుగుచు పోయిన, ఈ జవాబునకై 109 మార్లు ప్రశ్న వేయవలసి వచ్చును. ఏలన ఒకే ప్రశ్న మఱల మఱల అడుగబడును. వచ్చిన జవాబును గోడపై వ్రాసి ఉంచుకొన్న, వేర్వేరు ప్రశ్నలు పది మాత్రమే. మంచి పద్ధతికి సైతము పొదుపు అవసరము. గృహిణులకు ఇది నేను చెప్పనక్కఱలేదు.

ఇక రికర్షన్ నేర్చుకొనువారికి కావలసిన మఱియొక గుణము నమ్మకము. చీటీల ఆట ఆడిన పిల్లలు ప్రతి ప్రోగ్రామును చివరి చీమ వఱకు వెంబడింప ప్రయత్నింతురు. చిన్న లెక్కలకు అది మంచిదే. పెద్ద లెక్కలలో తల తిరుగును. అప్పుడు వారికి మేస్త్రి బుద్ధి కావలెను. మనలో పలువురి పూర్వులు తెలుగు గడ్డనుండి ఈ నగరమునకు కట్టడపు పనులకై వచ్చిన కామాఠీలు. ఈ పేటకు కామాఠీపురమను పేరు వారి వలన వచ్చినదే. పది వరుసల గోడను కట్టవలసిన మేస్త్రి ఏమనుకొనును? తొమ్మిది వరుసల గోడ సరిగా లేచిన, పదవ వరుసను పెట్టు బాధ్యత నాది. తొమ్మిది వరుసలు ఎట్లు లేచెనో ఇటుక ఇటుకకు తలచుకొనుచు కూర్చుండడు. పునాది గట్టిదా, నా వరుస సరిగా ఉన్నదా, ఈ రెండే చూచును. రికర్షన్ వ్రాయువాడును ఈ రెండే చూడవలెను. చిన్న ప్రశ్నకు సరియైన జవాబు వచ్చునని నమ్మి, దానినుండి తన జవాబును ఎట్లు కట్టవలెనో ఆలోచింపవలెను. మొదట చీటీలతో వెంబడించి చూచుట, పిదప మేస్త్రివలె నమ్ముట; ఈ క్రమము తప్పరాదు. వెంబడించి చూడని నమ్మకము గ్రుడ్డిది.

కంప్యూటరు నిర్మాతలకు సైతము ఈ విషయము ఒక్క దినమున పట్టువడలేదు. ఫోర్ట్రాన్ అను తొలినాటి భాష ఫంక్షన్ తన్ను తాను పిలుచుకొనుటకు అనుమతింపలేదు. 1960లో వెలువడిన ఆల్గోల్ భాష అనుమతించెను. ఆ సంవత్సరముననే జాన్ మెకార్తీ అను అమెరికా పండితుడు రికర్షన్ పునాదిగా గల లిస్ప్ భాషను లోకమునకు వివరించెను. ఆ 1960లోనే మన బొంబాయి నగరమున టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు స్వయముగా నిర్మించిన టిఫ్రాక్ అను కంప్యూటరు పనికి వచ్చినది. నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు ఆ మెకార్తీ యొద్దనే స్టాన్‌ఫర్డ్‌లో శిష్యులై 1966లో డాక్టరేటు పొందిరి. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమని చెప్పబడు ట్యూరింగ్ బహుమానమును మఱియొకరితో కలసి అందుకొనిరి. తెలుగు పల్లెనుండి ఆ మెట్టు వఱకు త్రోవ ఉన్నదని చెప్పుటకు ఈ ఒక్క పేరు చాలును.

తలిదండ్రులారా, మీకు మూడు మనవులు చేసి ముగించెదను.

మొదటిది. బిడ్డ బడినుండి వచ్చిన పిదప, 'ఈ దినము నేర్చుకొన్నది నాకు తెలుగులో చెప్పుము' అని అడుగుడు. మీకు ఆ విద్య రాకపోవుటయే ఇచట మేలు. తెలియనివానికి తెలియునట్లు చెప్పగలిగినప్పుడు గాని విద్య తనది కాదు. ఇంగ్లీషు మాటలు ఇంగ్లీషుననే ఉండనిండు. ఫంక్షన్‌ను ఫంక్షన్ అనియే అననిండు. వాని వెనుకనున్న తలంపు మాత్రము ఇంటి భాషలో నడువవలెను. అల్పసంఖ్యాక భాషలవారికి తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొను హక్కును మన రాజ్యాంగపు 30వ అధికరణము ఇచ్చినది. ఆ హక్కు పాఠశాల గోడలకు మాత్రమే కాదు; అర్థమగు భాషలో ఆలోచించుటకు కూడ అని నేను భావింతును.

రెండవది. మార్కులు తక్కువైన దినమున బిడ్డను తిట్టుటకు ముందు, వాడు ఏమి అడిగెనో కనుగొనుడు. ఉపాధ్యాయుడు పొరపాటు పడవచ్చును. నేను పడితిని. ప్రశ్న అడిగిన బిడ్డ వెనుకబడిన బిడ్డ కాదు.

మూడవది. ఒక పాఠము తప్పినదని ఆడబిడ్డను చదువు మాన్పించకుడు. మగపిల్లవాడు తప్పిన మఱల వ్రాయుమందుము. ఆడపిల్ల తప్పిన కుట్టుమిషను చూపుదుము. కుట్టుపని తక్కువ పని యని నేననను. కాని అది ఆ బిడ్డ కోరుకొనవలెను. ఓటమి ఆమె చేత కోరింపరాదు.

ఆ బాలిక సంగతి చెప్పవలెను గదా. ఆమె తండ్రి నా మాట మన్నించి మఱల పంపెను. ఆ సంవత్సరము ఆమె అత్తెసరు మార్కులతోనే గట్టెక్కినది, అద్భుతమేమియు జరుగలేదు. అయితే రికర్షన్ ప్రశ్నకు జవాబును ఈసారి కంఠస్థము చేయలేదు. ప్రశ్నపత్రపు అంచున ఐదు చిన్న చీటీల బొమ్మలు గీసికొని, వానినుండి ప్రోగ్రామును తానే కట్టుకొన్నది. తరువాతి సంవత్సరము క్రొత్తగా వచ్చిన పిల్లలకు వరండాలో చీటీలు పంచి ఆ పాఠము చెప్పినది ఆమెయే. నేను వెనుక నిలుచుండి వింటిని.

మన తాతలు ఈ నగరమునకు వచ్చిన నాడు ఒక ప్రశ్న వెంట తెచ్చుకొనిరి: మన పిల్లలకు నాలుగు అక్షరములు వచ్చునా? వారు దానిని మన తండ్రుల చేతికి ఇచ్చిరి. తండ్రులు మనకిచ్చిరి. మనము పిల్లలకిచ్చి, చీటి చేతబట్టుకొని వేచియున్నాము. జవాబు ఆ చిన్నవారి నుండియే రావలెను. అది త్రోవలో ఎచటను తెగిపోకుండ, వచ్చిన దారినే వెనుకకు నడచి, తాతల వఱకు చేరునట్లు చూచుట మన పని.